రెండు పిడుల పెట్టె

"పెట్టె పోయిందమ్మా. ఎల్లుండే బోర్డు. పెట్టె లేకుంటె మా ఆయన పోడు. పోకుంటె ఇగ పింఛను ఆశ ఇడిసిపెట్టుడే."

జనగామ స్టేషను ఎదుట తన ఆఫీసులో ప్రైవేటు డిటెక్టివు ఊర్మిళ ముందు ఆమెకు టీ తెప్పించింది. వచ్చినామె పేరు సరోజ, ఊరు బచ్చన్నపేట. భర్త యోసేపు డెబ్బై ఒకటి యుద్ధంలో గాయపడి ఇల్లు చేరిన సిపాయి. ఏడేళ్లుగా ఎవరినీ ఏ సాయమూ అడగలేదు. చివరికి సరోజే పోరుపెట్టి అర్జీ పెట్టించింది. సికింద్రాబాదు మిలిటరీ దవాఖానలో మెడికల్ బోర్డు ముందుకు రమ్మని పిలుపు వచ్చింది. ఇంతలో సర్వీసు కాగితాలున్న ట్రంకు పెట్టె మాయమైంది.

ఆమె అనుమానం ఇద్దరి మీద. మరిది ముత్తయ్య అన్న చెలకను దున్నుకుంటున్నాడు. పింఛను వస్తే అన్న ఎడ్లను కొని చెలక తిరిగి అడుగుతాడని అతని భయం. ఊరి పెద్ద జగపతి ఆ కాగితాలు తనకిస్తే పని చేయిస్తానని పలుమార్లు అడిగాడు.

ఊర్మిళ, ఆమె సహాయకుడు లక్ష్మీకాంత్ మధ్యాహ్నం బస్సులో బచ్చన్నపేట చేరారు. వాకిట్లో పార, గడ్డపార, కొడవలి ఒకే వరుసలో ఉన్నాయి. యోసేపు చెంబుతో నీళ్లిచ్చాడు. అతని కుడిచేతికి చిటికెన వేలు, ఉంగరం వేలు లేవు. వాళ్లు చెంబు అందుకోగానే ఆ చేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు.

ఇల్లంతా మొన్ననే అలికానని, పెట్టె ఉన్న మూల మాత్రం ఎప్పుడూ అలకనని సరోజ చెప్పింది. ఆ పెట్టె ఆమె ఒక్కతే జరపలేనంత బరువు, ఆయన మరొకరిని చెయ్యి వేయనివ్వడు. కాని ఇప్పుడు ఆ మూల మాత్రమే తడిగా ఉండి, పేడ వాసన వేస్తోంది.

"ఈడ్చిన గుర్తులు పోవాలని అలికారు. దొంగ ఆడమనిషేనండీ," అన్నాడు లక్ష్మీకాంత్ నెమ్మదిగా.

ఊర్మిళ తలుపు బార్లా తీసి, వెలుతురులో ఆ మూలను చాలాసేపు చూసింది. తర్వాత అందరినీ పిలిపించింది.

"పెట్టె ముట్టుకుంటె మా అన్న సంపుతడమ్మా," అన్నాడు ముత్తయ్య.

జగపతి నవ్వాడు. "నేను అలుకుతనా? మా ఇంట్ల చీపురు యాడుంటదో నాకెరుకలేదు."

"అలికింది మగమనిషే," అంది ఊర్మిళ. "పెట్టె తీసిన చోటు మళ్లీ శుభ్రం చేసి పోవడం దొంగ అలవాటు కాదు, సిపాయి అలవాటు. సరోజమ్మ అలికిన చోటల్లా నాలుగు వేళ్ల గీతలున్నాయి. ఈ మూలలో రెండే ఉన్నాయి."

యోసేపు తువ్వాలు భుజాన వేసుకొని దొడ్లోకి వెళ్లాడు. గడ్డివాములోంచి పెట్టె లాగి తెచ్చి అందరి ముందు పెట్టాడు.

"నా పక్కన ఉన్నోళ్లు ఇద్దరు ఇంటికి రాలే. నేను పోయిన రెండు వేళ్లు సూపెట్టి నాకియ్యుండ్రి అని ఎట్లడగాలె?" అన్నాడు.

సరోజ అతని పక్కన కూర్చుంది. "పటాకలు పేలితె మంచం కిందికి పోతవు. నిద్రల ఆళ్ల పేర్లు పిలుస్తవు. గదెవలు సూపెట్టాలె? నేనా?"

ఊర్మిళ గొంతు తగ్గించింది. "ఆ ఇద్దరి పేర్లు కూడా అక్కడ చెప్పండి. ఏం జరిగిందో చెప్పగలిగింది మీరొక్కరే."

"నేనొస్త యోసేపూ, మాట్లాడేది నాకిడిసిపెట్టు," అన్నాడు జగపతి.

యోసేపు తన చెయ్యి చూసుకున్నాడు. "వద్దు పటేలా. నా నోరు పోలే గద. నేనే చెప్పుకుంట."

మరునాడు పొద్దున సికింద్రాబాదు బండి జనగామ స్టేషనులో ఆగింది. లక్ష్మీకాంత్ పెట్టె ఎత్తబోయాడు. యోసేపు వద్దన్నట్టు చూశాడు. తర్వాత మూడు వేళ్ల చేత్తో ఒక పిడి పట్టుకొని, రెండోది సరోజ వైపు తిప్పాడు.

"పట్టు," అన్నాడు. "బరువుంది."