సబ్బుకు లొంగని వైరస్

పావగడ బస్టాండులో పొద్దున్నే వేరుశనక్కాయలు అమ్ముతున్న ముసలాయన అసలు ఉద్యోగం బయో ఇంటెలిజెన్స్ చీఫ్. పేరు హనుమంతరాయప్ప. ఆయన గంప ముందు ఆగిన నందీష్ ఒంటిమీద సోలార్ ప్యానెళ్లు కడిగే కూలీ యూనిఫాం ఉంది. వైరాలజీలో డాక్టరేట్ మాత్రం ఎవరికీ కనపడదు.

"పచ్చివా, వేయించినవా?"

"ఉడకబెట్టినవి."

కోడ్ కలిసింది.

"పదకొండుకి సోలార్ పార్కులో గొర్రెలకి టీకా క్యాంపు. సీసాల్లో ఉండేది టీకా కాదు, వైరస్. విదేశీ ముఠా పని. వాళ్ల మనిషి గేటు కాడ కెమెరాతో చూస్తాంటాడు. సూదులు పడకపోతే జారుకుంటాడు."

"ఏ ఫ్యామిలీ సార్?"

"పీపీఆర్ జాతి, గొర్రెల పారుడు రోగం. ఎన్వలప్ ఉండాదంట. ధనుశ్రీ మెసేజ్ పంపింది."

నందీష్ గుండె తేలికపడింది. ఆ జాతి వైరస్ గొర్రె కణంలో తన నకళ్లు తీయించుకుని, బయటికొస్తూ ఆ కణం కొవ్వు పొరనే కప్పుకుంటుంది. సబ్బు తగిలితే కొవ్వు కరుగుతుంది, వైరస్ చస్తుంది. సీసాల్లో సబ్బు ద్రావణం కలిపేసి, కెమెరా కోసం ఉత్త సూదులు పొడవాలన్నది ధనుశ్రీ ప్లాన్.

ధనుశ్రీ పశువుల డాక్టరు వేషంలో ఎనిమిది నెలలుగా ఆ ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్. ఈ మిషన్ అయిపోగానే నందీష్ ఆమెను పెళ్లి చేసుకోబోతున్నాడు. అతనిది వెంకటమ్మనహళ్లి, గొర్రెల వెనక పెరిగినవాడు. తనూ నిడుగల్లు గొర్రెలోళ్ల పిల్లనేనని ఆమె చెప్పిన రోజే పడిపోయాడు పిచ్చివాడు.

పదకొండయ్యేసరికి ప్యానెళ్ల వరసల మధ్య ఎండ మండిపోతోంది. నల్లకళ్లద్దాలు, తెల్లకోటు, తీరుగా ముడిచిన జుట్టు. ధనుశ్రీని చూసి కూలీలంతా పని ఆపేశారు. ఆమె సీసాల్లో సబ్బు ద్రావణం కలిపి నందీష్ వైపు నవ్వింది.

"చచ్చినాయిలే నందీ. ఇంక ఉత్త నీళ్లే."

మొదటి మంద ఓబక్కది. మొగుడు పోయాక ఆ గొర్రెలతోనే బతుకుతున్న మనిషి. ముందు నడిచేది పసుపు పూసిన పొట్టేలు. అది వస్తే మిగతావన్నీ దడిలోకి వచ్చేస్తాయి. ధనుశ్రీ దాని చెవి పట్టుకుని సూది ఎత్తింది.

"ఏయ్, ఏంది డాక్టరమ్మా నువ్వు!" ఓబక్క ఆమె చెయ్యి లాగేసింది. "అది దేవునికి ఇడిచిన పొట్టేలు. దానికి కత్తెర తగలకూడదు, సూది తగలకూడదు. ఒంటిమీద పసుపు చూసినా తెలీదా? యాడ పుట్టినావు తల్లీ?"

నందీష్ ఆ పసుపు వంక, ధనుశ్రీ వంక చూశాడు. ఈ సీమలో గొర్రెలోళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల నడక రాకముందే ఆ పసుపును గుర్తుపడుతుంది. నిడుగల్లు అబద్ధం. మరి ఆమె చెప్పినవాటిలో ఇంకెన్ని అబద్ధాలు?

టిఫిన్ క్యారియర్ మూత తీశాడు. అడుగు గిన్నెలో వైరస్ జాతిని పట్టిచ్చే రీడర్. ఆమె సూదిలోకి ఎక్కించుకుని పడేసిన సీసాలో మిగిలిన చుక్క వేశాడు. నలభై సెకన్లు పడుతుంది. ఓబక్క తిట్లు ఇంకా సాగుతూనే ఉన్నాయి, దేవుడు చల్లగా చూడాలి ఆమెను.

స్క్రీన్ మీద గీతలు లేచాయి. ఒకటి, రెండు... పది. పది ముక్కల జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ. రియో జాతి, నీలి నాలుక రోగం. దీనికి కొవ్వు పొరే లేదు, ఉన్నవన్నీ ప్రోటీన్ గుల్లలే. సబ్బును చూసి నవ్వుకుంటుంది. పైగా ఇక్కడి రకంతో ఒకే కణంలో కలిస్తే రెండూ ముక్కలు మార్చుకుని, ఏ టీకాకూ అందని మూడో రకం పుడుతుంది.

పొట్టేలును వదిలేసి పక్క గొర్రె ఉన్నిలోకి సూది దించుతోంది ధనుశ్రీ. నందీష్ దూకి ఆ మణికట్టు పట్టుకున్నాడు. సూది కొనకూ చర్మానికీ మధ్య వెంట్రుకవాసి దూరం.

"పది గీతలు, ధనూ."

ఆమె పెనుగులాడలేదు. గేటు దగ్గర కెమెరావాణ్ణి హనుమంతరాయప్ప మనుషులు అప్పటికే నేలకు అదిమారు. సీసాలన్నీ సీలు పెట్టెలోకి వెళ్లాయి.

"నీ మీది ప్రేమ మాత్రం నిజం నందీ," అంది సంకెళ్లు పడ్డాక. ఆమె యాస ఇప్పుడు ఏ ఊరిదీ కాదు.

నమ్మాలని అతనికి ఎంత ఆశగా ఉందో చెప్పలేం. జీపు కదిలిపోయింది. నందీష్ ప్యానెల్ నీడలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఓబక్క వచ్చి పక్కన కూర్చుంది. "ఎందుకేడుస్తావప్పా? గొర్రెలన్నీ బాగుండాయి కదా?"

"ఒకటి తప్ప, అక్కా."

ఆమె హడలిపోయి లేచింది. మందంతా వేలు పెట్టి లెక్కపెట్టుకొచ్చింది.

"నూటా పన్నెండు, అన్నీ ఉండాయి గదప్పా!"

"నన్ను వదిలేసి లెక్కేసినావు," అన్నాడు నందీష్.