గొడుగు వద్దన్న అమ్మాయి

"ఏమండీ బైండరు గారూ, మీకు నా మీద ఏమైనా పగా?"

పుస్తకం దబ్బున బల్ల మీద పడింది. జిగురు డబ్బా తిరగబడి, పాపం, బైండరు చొక్కా మీదే ఒలికింది. అతనికి ఆ సంగతే పట్టలేదు. పుస్తకం తిరిగిచ్చేశాక ఈ అమ్మాయి ఇక షాపు గడప తొక్కదేమోనని దిగులుపడుతున్నవాడు మరి! కోపంగానైనా వచ్చింది, అదే పదివేలు.

"ఏమైందండీ? కుట్టు ఊడిందా?"

"కుట్టు భేషుగ్గా ఉంది. కథే ఊడింది! హీరోయిన్‌కి ముందు పెళ్లి చేసేశారు. ఆ తర్వాత అదే మొగుడితో వానలో నిలబడి 'నీ గొడుగూ వద్దు, నువ్వూ వద్దు' అనిపించారు. అమ్మమ్మకి చదివి వినిపిస్తుంటే ఇద్దరికీ మతిపోయింది!"

బైండరు గతుక్కుమన్నాడు. విడిపోయిన పేజీల కట్టలు వరసగా పేర్చి కుట్టడం అతనికి కళ్లు మూసుకుని చేసే పని. ఈసారి కళ్లు తెరిచి చదివాడు, అదే కొంప ముంచింది.

"ఆ గొడుగు ఘట్టం పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చదివానండీ. చివరికి ఆ కట్టని పొరపాటున ఆఖర్న పెట్టి కుట్టేశాను."

"పుస్తకం ఇచ్చిన రోజు నేను కథ చెబితే, అంత పొగరుబోతు హీరోయిన్‌ని ఎవరు భరిస్తారని మీరే అన్నారుగా?"

"చదవకముందు అన్నానండీ. అది పొగరు కాదు. మనసులో ఒకటి, పైకి ఒకటి ఉండదు ఆ పిల్లకి. తప్పు తనదైతే తనే ముందు సారీ చెబుతుంది. కోపమొస్తే మాత్రం జిగురు డబ్బాలు..."

"పుస్తకంలో జిగురు డబ్బాలు ఎక్కడున్నాయి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇక దాచి లాభం లేదు.

"లేవండీ. చదువుతున్నంతసేపూ నాకు మీరే కనిపించారు. మీరంటే నాకు చాలా ఇష్టం."

బయట వాన అందుకుంది. అమ్మాయి గుమ్మం వైపు చూసింది. వెళ్లిపోతుందేమోనని అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"విప్పి మళ్లీ కుట్టి ఇస్తాను" అంటూ కత్తెర అందుకున్నాడు.

ఆమె చటుక్కున పుస్తకం లాక్కుంది. "ముట్టుకుంటే ఊరుకోను! అమ్మమ్మకి ఇదే నచ్చింది. 'పెళ్లయ్యాకే కదే అసలు పోట్లాటలు! ఆ బైండరెవరో లోకం తెలిసినవాడు, ఓసారి ఇంటికి తీసుకురా' అంది."

"మరి మీరేమన్నారు?"

ఆమె అతని చొక్కా వంక చూసి నాలుక కరుచుకుంది. "ముందు సారీ. జిగురు ఒలకబోసింది నేనే."

అతను గోడకు తగిలించిన గొడుగు తీశాడు. "ఒక్కటే ఉందండీ. మీరు తీసుకెళ్లండి."

"గొడుగూ కావాలి" అంది ఆమె గడప దగ్గర ఆగి, "మీరూ కావాలి. పదండి, అమ్మమ్మ ఎదురుచూస్తోంది."