మూడో సీసా

ఉదయం 6:40. తొర్రూరు బస్టాండ్. దామోదర్ చేతిలోని సంచి లాక్కుని ఒకడు పరుగెత్తాడు.

ముఖానికి తువ్వాల.

"దొంగ! పట్టుకోండ్రి!"

దామోదర్ వెంటపడతాడు. సంచిలో మూడు సీసాలు. ఘనపూర్, చిల్పూర్, తొర్రూరు పక్క తండా... మూడు బోర్ల నీళ్లు. యురేనియం ఎంతుందో వరంగల్ ల్యాబ్‌లో తేలాలి. లీటరుకు ముప్పై మైక్రోగ్రాములు దాటితే బోరు మూసేస్తారు. దాటకపోతే ఊరు అవే నీళ్లు తాగుతుంది.

టమాటా బుట్ట దొర్లింది.

"కండ్లు నెత్తికెక్కినయా?" టమాటాలమ్మే అవ్వ అరుస్తుంది.

"ఎవడు పంపిండురా నిన్ను?" దామోదర్ పరుగెత్తుతూనే అడుగుతాడు.

"ఒక్క నిమిషం సార్! మీ సంచి మీకే ఇస్త!"

దామోదర్ ఆగడు. వాడు వెనక్కి చూస్తూ రోడ్డు మీదికి దూకుతాడు.

లారీ!

బ్రేకు... చప్పుడు.

సంచి రోడ్డు పక్కన పడి ఉంది. సీసాలు పగల్లేదు. టేపులు ఊడలేదు. దామోదర్ ముందు అవే చూసుకున్నాడు.

తర్వాత తువ్వాల తీశాడు.

బీక్యా! నిన్న తండాలో తన కోసం బోరు మోటారు వేసినవాడు.

6:52కి ఊపిరి ఆగింది.

దవాఖాన వరండాలో బీక్యా తల్లి ద్వాళి. ఏడవడం లేదు.

"నిన్న సీసా నేనే నింపిన సారూ. నువ్వు చాయ్ తాగుతున్నవ్. ఇంటికొచ్చినోనికి గా బోరు నీళ్లెట్ల ఇయ్యాలె? చుట్టాలకు తెచ్చే క్యాన్ నీళ్లు పోసిన. తండా పేరు చెడిపోవద్దనుకున్న."

"నాతోని చెప్పొచ్చు గదా అవ్వా!"

"చెప్తే నా మీద కేసయితదన్నడు నా కొడుకు. కోడలు సంగీత కడుపుతోని ఉన్నది, ఆ బోరు బందు గావాలె, అసలు బోరు నీళ్ల సీసా మార్చి పెట్టొస్త యాడీ... అమ్మా అని పోయిండు."

దామోదర్ ఫారం తెరిచాడు. 'నమూనాను స్వయంగా సేకరించాను.' కింద తన సంతకం.

కానిస్టేబుల్ ఎర్రయ్య వచ్చాడు. బీక్యా జేబులో దొరికిన సీసా చూపించాడు. అదే సైజు. అదే టేపు. మీద పెన్నుతో '3'.

"ఏంది సార్ గిది? మందా?"

ద్వాళి తలెత్తి దామోదర్ వైపు చూసింది.

"నీళ్లు," అన్నాడు దామోదర్.

"ఉత్త నీళ్లేనా?"

"నీళ్లే."

ఎర్రయ్య అట్లాగే రాసుకున్నాడు.

11:30కి సంచి ల్యాబ్‌కు చేరింది.

తొమ్మిదో రోజు రిపోర్టు వచ్చింది. మూడో సీసా... ఒక మైక్రోగ్రాము. తాగవచ్చు.

ఆ సాయంత్రం తండాలో బోరు మోటారు వేశారు. మొదటి బిందె బీక్యా భార్య సంగీత పట్టుకుంది.