జారని అడుగు

"నీ చేతులతోనే మా అమ్మను పడేశావు వదినా!"

ఆడపడుచు అన్న ఆ మాట వార్డులో అన్ని మంచాలకూ వినపడింది. కోడలు తలెత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తుతుంది? అత్తయ్య పాదాలు చలికి కొంకర్లు పోతున్నాయని ఊలు మేజోళ్లు అల్లి తొడిగింది తనే. నున్నటి గచ్చు మీద అవి జారతాయన్న సంగతి తన మట్టిబుర్రకు తట్టనేలేదు! ఇంకా తెల్లవారని చలి పొద్దున, కోడలి నిద్ర చెడుతుందని లైటు కూడా వేయకుండా వంటింటి వైపు నడిచింది ఆ తల్లి. కాలు సర్రున జారింది... తుంటి ఎముక విరిగింది.

జీవితమంతా కుట్టుమిషను తొక్కిన కాళ్లవి. వీధిలో అందరికీ ఆవిడ టైలరమ్మే. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. చలికాలం వచ్చిందంటే చాలు, తుంటి విరిగిన పెద్దవాళ్లతో వార్డు నిండిపోతుందని నర్సు చెప్పింది. చీకటి పొద్దులు, బిగుసుకుపోయిన కీళ్లు, ఒంటి మీద బరువు బట్టలు... వీధిలో జారినవాళ్లకంటే ఇంట్లో పడ్డవాళ్లనే తను ఎక్కువగా చూశానంది. ఇప్పుడు లేచి నడవకపోతే ఇక మంచమే గతి అని డాక్టరు తేల్చేశాడు. టైలరమ్మ నిలబడబోయింది. పాదం నేలకు తగలగానే ఒళ్లంతా వణికి, మళ్లీ మంచం మీద కూలబడింది.

అది చూసిన ఆడపడుచుకు కడుపు మండిపోయింది. అమ్మను తనింటికి తీసుకుపోతానని, ఇక ఆ గుమ్మం తొక్కనివ్వనని చెప్పేసింది. కోడలి గుండె చెరువైపోయింది. సూదిలో దారం ఎక్కించడం కూడా రాకుండా కాపురానికి వచ్చిన తనను ఒక్కసారైనా కసురుకోకుండా దిద్దుకున్న అత్తయ్య... ఆవిడ లేని ఇల్లు ఇల్లేనా!

"అమ్మాయ్, నా సాక్సులేవి?" అంది టైలరమ్మ ఉన్నట్టుండి.

పారేయడానికి చేతులు రాక, కోడలు వాటిని అప్పటికే సంచిలో బట్టల కింద దాచి ఉంచింది. అవే కావాలంది అత్తగారు. వాటితోపాటు పాత సైకిలు ట్యూబు ముక్క, కత్తెర, లావు సూది కూడా కావాలంది. కొడుకు పరుగున వెళ్లి తెచ్చాడు.

ఏమి మనిషో ఆవిడ! నొప్పికి పళ్లు బిగబట్టి, దిండ్లకు ఆనుకుని, రబ్బరును సన్నటి పట్టీలుగా కత్తిరించి మేజోళ్ల అడుగున కుట్టసాగింది. ఎలా పడ్డారని పక్క మంచం ఆవిడ అడిగితే, ఈ వయసులో కాలు జారానమ్మా, బయటికి చెప్పుకుంటే పరువు పోతుందని నవ్వించింది. ఆ నవ్వుల మధ్యే కూతురు మళ్లీ వదిన మీదికి లేచింది.

టైలరమ్మ సూది ఆపింది.

"జారింది నా కాలు. నువ్వు నోరెందుకు జారుతావే? లైటు వేయనిది నేను. ఊలుకి గచ్చు మీద పట్టుండదని తెలియాల్సింది బట్టలు కుట్టే నాకు. మీ వదిన నా కాళ్లకి వెచ్చగా ఉండాలని చూసింది. అదీ తప్పేనా?"

కోడలు ఇక ఆపుకోలేకపోయింది. అత్తయ్య ఒడిలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కుట్టు తడిసిపోతోందని విసుక్కుంటూనే ఆవిడ కోడలి తల నిమిరింది.

కుట్టు పూర్తయ్యాక ఆ మేజోళ్లనే కోడలి చేత తొడిగించుకుంది. వాకరు పట్టుకుని లేచింది. కాళ్లు వణికాయి, నుదుటన చెమట పోసింది... కానీ రబ్బరు నేలను పట్టేసింది. పాదం జారలేదు! ఒక అడుగు, దాని వెనకాలే ఇంకొకటి. పక్క మంచాల వాళ్లు కూడా ఊపిరి బిగబట్టి చూశారు. ఆడపడుచు కళ్లు తుడుచుకుంటూ వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది.

"వచ్చే చలికాలానికి నాకూ ఒక జత అల్లిపెట్టు వదినా. అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు మీ ఇంట్లో తొడుక్కుంటాను."

టైలరమ్మ వాకరు మీద వాలి, రొప్పుతూనే నవ్వింది.

"అల్లేది మీ వదినే. అడుగు వేసేది మాత్రం నేను."

అని, ఇంకొకటి వేసింది.