మదర్‌బోర్డు మీద కుంచె

ఆదివారం ఉదయం టీవీ మెకానిక్ పేపరు ముందేసుకుని కూర్చున్నాడు గానీ, ఒక్క అక్షరమూ తలకెక్కడం లేదు. చెవులు రెండూ పక్కగదిలోనే ఉన్నాయి. అక్కడ ఆయన కూతురు, మేనమామతో కలిసి గేమింగ్ కంప్యూటరు కోసం, భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు ఎంచుకుంటోంది. వారం రోజులుగా ఇంట్లో ఇదే తంతు.

"ఇది తీసుకోవే. గంటలకొద్దీ ఆడినా వేడెక్కదు."

"ఖరీదెక్కువేమో మామయ్యా?"

"నీ మొదటి జీతం ఒక్కసారే వస్తుంది. కొంటే మంచిదే కొనాలి."

మెకానిక్‌కి ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లుగా వీధిలో సగం టీవీలు ఆయన చేతి చలవతోనే వెలుగుతున్నాయి. ఫ్యూజు పోయినా, ఫ్యాను ఆగినా "నాన్నా!" అంటూ పరుగెత్తుకొచ్చే పిల్లకి ఇప్పుడు కంప్యూటరు షాపులో పనిచేసే మామయ్య మాటే వేదమైంది. నిన్నగాక మొన్న వాడికి టంకం పెట్టడం నేర్పింది తనే.

"ఆ పేపరు తలకిందులుగా ఉందండీ," అంది భార్య, తాగేసిన కాఫీ కప్పు తీస్తూ. "మా తమ్ముణ్ణి చూసి అంత కుళ్లుకోవాలా?"

"నాకేం కుళ్లు? ఎవరి పిల్లతో ఎవరేం మాట్లాడితే నాకేం?"

మధ్యాహ్నానికి బావమరిది షాపు నుంచి బోర్డు తెచ్చాడు. అందరూ భోజనాలకి లేచాక మెకానిక్ ఒక్కడే గదిలోకి వెళ్లాడు. ఈ ఇంట్లో తన చెయ్యి పడకుండా ఒక మిషను నడుస్తుందా? ఆయన వృత్తిలో ఏ భాగాన్నైనా బిగించే ముందు స్పిరిట్‌లో ముంచిన కుంచెతో తుడవాల్సిందే. బోర్డు నడుమ ప్రాసెసరు చిప్పు కూర్చునే సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీసి, అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు శ్రద్ధగా తుడిచాడు. మళ్లీ మూత పెట్టేసి చేతులు కడుక్కున్నాడు. మనసు కాస్త కుదుటపడింది.

ఆ మూత కింద వెంట్రుకల కన్నా సన్నని పిన్నులు వందలకొద్దీ ఉంటాయని, కుంచె తగిలినా అవి వంగిపోతాయని ఆయనకి తెలియదు.

భోజనాలయ్యాక బావమరిది మాటల్లో పడి, సరిగా చూడకుండానే ప్రాసెసరు బిగించేశాడు. స్విచ్ వేస్తే తెర మీద చుక్క వెలుగు లేదు. విప్పి, టార్చి వేసి చూసేసరికి పిన్నులు అటూ ఇటూ ఒరిగిపోయి ఉన్నాయి.

"వాడిన బోర్డు అంటగట్టావా మామయ్యా? నిన్ను నమ్మినందుకు నాకు బుద్ధి వచ్చింది!" కూతురు అరిచింది.

ఆ మాట మెకానిక్ చెవిలో తేనె పోసినట్టయింది. నిజం, ఆ క్షణాన ఆయనకి సంతోషమే కలిగింది. కానీ బావమరిది అప్పటికే లేచి, ముఖం మాడ్చుకుని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు.

"తప్పు నాదే. చూడకుండా తెచ్చానని ఓనరుతో చెప్తా. ఉద్యోగం పోతే పోయింది, నీ బోర్డు నీకొస్తుంది."

మెకానిక్ ఒక్కసారిగా లేచాడు.

"ఆగరా! అది నా పని. కుంచెతో తుడిచింది నేనే."

"నువ్వా?" కూతురు తెల్లబోయింది. "అడిగితే చెప్పేదాన్ని కదా నాన్నా!"

"నువ్వు నన్నడిగావా? వారం నుంచి ఒక్క మాటైనా అడిగావా? వాడితో నవ్వులు, వాడితో సలహాలు. నేనీ ఇంట్లో ఉన్నానా, పోయానా? అవును, నాకు అసూయే! చాలా?"

కూతురు ఆయన దగ్గరికి వచ్చింది.

"చిన్నప్పటి నుంచీ నేనేం అడిగినా నీ దగ్గర జవాబుంది నాన్నా. ఇది అడిగితే 'నాకు తెలీదు' అంటావేమోనని భయమేసింది. నీ నోట ఆ మాట వినలేకే మామయ్యని అడిగాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పిల్ల తనని పక్కన పెట్టిందనుకుని వారమంతా కుతకుతలాడాడు. అది మాత్రం ఈ వారమంతా తన పరువు కాచింది. ఆపుకుందామన్నా కన్నీళ్లు ఆగలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు చివరికి. "వీటి గురించి నాకేమీ తెలీదు. కొత్తది నేను కొంటాను, ఎలా చూసి ఎంచాలో నువ్వు చెప్పు." గుమ్మం వైపు తిరిగాడు. "నువ్వూ చెప్పులు విప్పి రారా. నాకొకసారి చెప్తే ఎక్కదు."

కూతురు కళ్లు తుడుచుకుని ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"ముందు సాకెట్ చూడాలి నాన్నా," అంది.