ఎవరి పేరున

మా అనికకు 'ర' పలకదు. అమెరికాలో, ఈ ఇర్వింగ్‌లో పుట్టింది కదా, ఆ అక్షరం వచ్చేసరికి నాలుక వెనక్కి మడుస్తుంది. 'ఊరు' అంటే నోట్లో ఇడ్లీ పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. మా ఆయన నిశాంత్ ముద్దుగా ఉందంటాడు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. రోజూ అన్నం పెడుతూ దానిచేత 'చీర, పేరు, ఊరు' అనిపించేదాన్ని. ఆరేళ్ళ పిల్ల, విసుక్కుంటూనే అనేది. ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ సాయంత్రం జరిగినదంతా నాకు ఆ అక్షరంతోనే గుర్తుంది.

ఇంకో సంగతి. మా ప్రార్థన కూడికలు నడిపే రాహేలు ఆంటీకీ నాకూ ఆ వారమే చిన్న పేచీ వచ్చింది. ప్రభువు పడవలో లేచి గాలిని గద్దించిన సంగతి చెబుతూ, భయాన్ని మనమూ గద్దించవచ్చు, కానీ ఆయన పేరున మాత్రమే అన్నారావిడ. పేరు లేకుండా గద్దిస్తే అది ఒట్టి కేకేనట. ఆ కేకకు ఎవరైనా పలకవచ్చట. నేను నవ్వేశాను. ప్రార్థన చివర ఆ పేరు నేను చెప్పేది ఈమెయిల్ కింద సంతకంలాగే, చూసుకోకుండా.

ఏప్రిల్ నెల. నిశాంత్ లాస్ కోలినాస్‌లో ఆఫీసులో ఉన్నాడు. నేను ఇంటి నుంచే పని చేసుకుంటున్నాను. సాయంత్రం కావస్తుండగా ఆకాశం పాచి రంగుకు తిరిగింది. ఆకు కదలడం లేదు. కిటికీ సందులోంచి తడిసిన ఇనుము వాసన వస్తోంది. పొద్దున్నుంచీ మొరుగుతున్న పక్కింటి కుక్క ఉన్నట్టుండి ఆపేసింది. ఆ తర్వాత సుడిగాలి వస్తోందని హెచ్చరించే టోర్నడో సైరన్ మొదలైంది.

అనికను చంకనేసుకుని పడకగదిలో బట్టలు పెట్టుకునే ఇరుకు గది, క్లోజెట్‌లోకి దూరాను. మా అపార్ట్‌మెంట్‌లో కిటికీ లేని చోటు అదొక్కటే. తలుపు వేసుకుని, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిశాంత్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు, మెసేజ్ చెప్పమని వాయిస్‌మెయిల్ వచ్చింది. క్లోజెట్‌లో ఉన్నామని చెబుతుండగానే కరెంటు పోయింది. ఉలిక్కిపడ్డాను. ఫోన్ చేతిలోంచి జారి చెప్పుల మధ్య ఎక్కడో పడింది.

చీకటి. కలరా ఉండల వాసన, పట్టుచీరల వాసన. పైకప్పు కిర్రుమంటోంది. గాలి మొదట ఈల వేసింది, తర్వాత హైవే మొత్తం మా ఇంటి మీదుగా పోతున్నట్టు గర్జించింది. తలుపు లోపలికీ బయటికీ కదులుతోంది... ఊపిరి తీస్తున్నట్టు. అనిక ఏడుపు ఆ హోరులో కలిసిపోతోంది. నాకు చచ్చేంత భయం. నా భయం ఎప్పుడూ కోపంగానే బయటికి వస్తుంది.

"ఊరుకో!" అని అరిచాను. "నేను చెప్తున్నా, ఊరుకో!"

పిల్లనన్నానో, గాలినన్నానో నాకే తెలియదు.

ఆగిపోయింది.

గాలి... సైరన్... వాన... పిల్ల ఏడుపు. అన్నీ ఒక్కసారే. చెవులు పోయాయేమో అనుకున్నాను. కానీ నా గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది. అనిక ఒళ్ళోనే ఉంది. వెచ్చగానే ఉంది. కదలడం లేదు.

అప్పుడు, ఆ చీకట్లో, గుసగుసగా...

"ఎవరి పేరున?"

పసిపిల్ల గొంతు. అనిక గొంతే. కానీ ఆ 'ర'... రెండుసార్లూ, గుంటూరులో పుట్టిన పిల్ల పలికినట్టు స్పష్టంగా పలికింది.

"అనికా?" అన్నాను.

"ఎవరి... పేరున?"

ఈసారి నెమ్మదిగా. నాకు జవాబు రాదని తెలిసే అడుగుతున్నట్టు.

ఆ పేరు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కానీ నాలుక మీదికి రాలేదు. నోరు తెరిచాను... ఏమీ రాలేదు. ఒళ్ళో పిల్ల బరువు తగ్గుతోంది. గట్టిగా హత్తుకున్నాను. ఇంకా తగ్గుతోంది. నా పేరున కాదు ప్రభువా, నాకు ఏ అధికారమూ లేదు, నా బిడ్డను నాకు ఉంచు, అని మనసులోనే ఏడ్చాను.

అప్పుడు ఆ పేరు వినిపించింది. నేనే అన్నాననుకున్నాను.

గాలి, వాన, సైరన్ అన్నీ మళ్ళీ మీద పడ్డాయి. అనిక గుక్కపట్టి ఏడుస్తోంది. ఏ గోలా నాకంత హాయిగా ఎప్పుడూ వినిపించలేదు.

టోర్నడో మమ్మల్ని తాకకుండా పక్కకు పోయింది. మా కాంప్లెక్స్‌లో కంచె పడింది, కార్ల అద్దాలు పగిలాయి, అంతే. నిశాంత్ పరుగున ఇంటికొచ్చేసరికి నేను అనికను ఎదురుగా కూర్చోబెట్టుకుని 'చీర, పేరు, ఊరు' అనిపిస్తున్నాను. మళ్ళీ అదే నోట్లో ఇడ్లీ. దాన్ని వాటేసుకుని ఏడ్చాను. ఇంక జన్మలో దిద్దనని చెప్పాను.

నిశాంత్ నా వైపు అదోలా చూశాడు. నేను పెట్టిన మెసేజ్ కట్ కాలేదట, చాలాసేపు రికార్డయిందట. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

వాన. సైరన్. నా కేక. ఆ తర్వాత రావాల్సిన నిశ్శబ్దం అందులో లేదు. వాన కురుస్తూనే ఉంది. సైరన్ మోగుతూనే ఉంది. అనిక ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు మీదుగా...

"ఎవరి పేరున?"

అది నా గొంతు.

రెండోసారి అడిగిందీ నా గొంతే. దానికి అనిక వెక్కుతూ, ఆ వంకర 'ర'తోనే జవాబు చెప్పింది. "యేసు పేరు... యేసు పేరులో."

"పిల్లను అలా ఎందుకడిగావ్, దీవెనా?" అన్నాడు నిశాంత్.

అనిక కింద కూర్చుని బొమ్మకు జుట్టు దువ్వుతోంది.

"అది అమ్మ కాదు, డాడీ," అంది తల ఎత్తకుండానే.

మెసేజ్ ఇంకా అయిపోలేదు. వాన చప్పుడు సాగుతోంది. నిశాంత్ ఆపేద్దామని వేలు పెట్టబోయాడు. అంతలో నా గొంతే, చాలా మెల్లగా, ఫోన్‌కు దగ్గరగా వచ్చి అన్నట్టు వినిపించింది.

"సరే... ఈసారికి."