పాప కనిపించే అద్దం

ఆదివారం పొద్దున టిఫిన్లు కాగానే నలుగురూ కారెక్కారు. స్టీరింగ్ ముందు ఆమె, పక్కన భర్త, వెనక సీట్లో మూడేళ్ల పాప, అత్తగారు. ఆమె డ్రైవింగ్ మొదలుపెట్టాక ఆ ఇంటికి ఇదే మొదటి షికారు.

"అంత బిగించి పట్టుకోకు. అదేమన్నా పారిపోతుందా?" అన్నాడు భర్త. అంటూనే తన చెయ్యి మాత్రం స్టీరింగ్ దగ్గరే ఉంచాడు.

మలుపు తిరిగాక కారు మెల్లగా గోడవైపు జరిగిపోయింది. అతను కంగారుగా స్టీరింగ్ లాగేశాడు. కారు అటూ ఇటూ ఊగింది. ఆమె బ్రేక్ తొక్కేసరికి చక్రం కాలిబాట అంచుకు కొట్టుకుని ఆగింది.

"కళ్లు ఎక్కడ పెట్టావ్?" అంటూ అతను ఆమె వైపు వంగి పైన అద్దంలోకి చూశాడు. వెనక రోడ్డు కనిపించాల్సిన చోట పాప ముఖం కనిపిస్తోంది. "దీన్ని ఎవరు వంచారు?"

"నేనే."

"పాపను చూసుకుంటూ నడుపుతున్నావా! చాలు, దిగు. నీ వల్ల కాదు."

"దిగను!" అంది ఆమె. "మీరు డ్యూటీలో ఉన్నప్పుడు పాప జ్వరంతో కొయ్యబారిపోతే, కారు గుమ్మం ముందే పెట్టుకుని, నడపడం రాక, రోడ్డున పోయే ప్రతి బండికీ చెయ్యెత్తింది నేను. ఊపిరి తీస్తోందో లేదో చూడకుండా ఎలా నడపను?"

అతను వెనక్కి తిరిగి పాప వైపు చూశాడు.

"దానికి నేనున్నానమ్మా. నీకు రోడ్డుంది," అంది అత్తగారు. "అదేం చేస్తోందో నేను చెబుతుంటా, నువ్వు ముందుకు చూడు. ఒరేయ్, నువ్వు చేతులు ఒళ్లో పెట్టుకో. నీ లాగుడికే సగం ప్రాణం పోయింది నాకు."

అద్దం సరిచేసి ఆమె కారు మళ్లీ కదిలించింది. దూరంగా రోడ్డు మీద చూపు నిలిపితే కారు తిన్నగా సాగింది.

"కిటికీ నాకుతోంది... ఇదిగో, ఇప్పుడు నా వేలు కొరుకుతోంది..."

కాసేపటికి వెనక నుంచి మాట ఆగిపోయింది.

అయినా ఆమె తల తిప్పలేదు. ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి, పక్కకు తీసి ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, అప్పుడు వెనక్కి తిరిగింది.

నాయనమ్మా మనవరాలూ ఒకరి మీద ఒకరు ఒరిగి, నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు.

పక్కకు చూస్తే భర్త చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో, వేళ్లు తెల్లబడిపోయాయి. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"భయమేసిందా?"

"చచ్చేంత," అన్నాడు. "కానీ పట్టుకోలేదు చూడు."

"ఇంటిదాకా నేనే నడపనా?"

తలూపి, ఆమె చెంప తుడవబోయాడు.

వెనక నుంచి, కళ్లు తెరవకుండానే, అత్తగారు గొణిగింది. "ఒరేయ్... చేతులు ఒళ్లో."